పిండిచేతులాయన సాక్ష్యం

పాస్టరుగారు ప్రసంగంలో నక్షత్రం దగ్గరికి వచ్చేసరికి ఆమె కుడిచేయి దానంతటదే పైకి లేచింది. వేళ్ళు విచ్చుకుని, ముడుచుకుని, మళ్ళీ విచ్చుకున్నాయి, నక్షత్రం మెరుస్తోంది అని. ఆ తర్వాత దారి, ఆ తర్వాత నడిచేవాళ్ళు, ఆ తర్వాత పసిబిడ్డ. చేతుల దారిన చేతులు పోతున్నాయి. మనసు మాత్రం ఎదురుగా మొదటి వరస బెంచీ చివర కూర్చున్న ఒక్క మనిషి దగ్గర ఆగిపోయి, కదలనంటే కదలనని మొండికేసింది. ఇన్నేళ్ళ సైగల దుబాసీ పనిలో ఆమెకు బాగా పట్టుబడిన విద్య ఇదే, పాస్టరుగారి నోట్లోంచి మాట బయల్దేరి తన చెవిలో పడి చేతుల్లోంచి బయటికి పోతుంటే మధ్యలో తను ఇంట్లో లేకపోయినా పని ఆగదు. మామూలు ఆదివారాల్లో ఆ సందులో ఎక్కడెక్కడో తిరిగొచ్చేది, ఆరేసిన బట్టలు, అయిపోవచ్చిన గ్యాసు, మొగుడి దగ్గు, బడి ఆఫీసులో సోమవారం టైపు చేయాల్సిన కాగితాలు. ఇవాళ క్రిస్మస్. ఇవాళ ఎక్కడికీ పోవడానికి లేదు. పోదామన్నా దారికి అడ్డంగా ఆ మనిషి కూర్చుని ఉన్నాడు, కొత్త చొక్కా వేసుకుని, అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించి, రెప్ప వేయకుండా ఆమె చేతులకేసి చూస్తూ.

ఆ బెంచీని చర్చిలో అందరూ మౌనం బెంచీ అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో దాని మీద ఒక్కపూట కూడా కూర్చుని ఉండడు. మొత్తం చర్చిలో అంతటి వాగుడు బెంచీ ఇంకోటి లేదు. చెవులు వినపడనివాళ్ళంతా అక్కడే కూర్చుంటారు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నా వీళ్ళు తెరుచుకునే ఉండాలి కదా, మూసుకుంటే దుబాసీ చేతులు కనపడవాయె, అందుకని ఆ కాసేపు వాళ్ళకు దొరికినంత ఏకాంతం చర్చిలో ఇంకెవరికీ దొరకదు. చేతులు మోకాళ్ళ కిందికి దింపి ఎవరి కబుర్లు వాళ్ళవి, ఎవరి పెళ్ళి కుదిరింది, ఎవరి కోడలు అలిగింది, పాస్టరుగారు ఈమధ్య ఎంత ఒళ్ళు చేశారు. వాళ్ళ భాషలో ప్రతి మనిషికీ ఒక సైగ పేరు ఉంటుంది. ఆమె నవ్వితే ఎడమ బుగ్గ సొట్ట పడుతుంది, కాబట్టి చూపుడువేలు బుగ్గకు ఆనించి చిన్నగా తిప్పితే ఆమె. కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుంటే పాస్టరుగారు. ఆ చివరి మనిషి పేరు, మోచేతి నుంచి మణికట్టు దాకా అరచేత్తో దులుపుకోవడం. బేకరీలో పిండి కలుపుతాడు. ఎన్నిసార్లు కడుక్కున్నా ముంజేతి వెంట్రుకల్లో ఆ తెలుపు మిగిలే ఉంటుంది. ఆమె మనసులో అతను పిండిచేతులాయన. అతని పక్కన ఇవాళ ఖాళీ, వాళ్ళమ్మ కూర్చునే చోటు అది. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే బెంచీ అంతా కాస్త ఇరుక్కుని కూర్చుని ఆ చోటును అలాగే ఉంచేశారు. ఆవిడకు చెవులు బాగానే వినపడేవి, వెనకాల ఫ్యాను కింద హాయిగా కూర్చోవచ్చు, అయినా కొడుకు పక్కనే కూర్చునేది, రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడి వచ్చినవాడు ప్రసంగంలో కునికితే మోచేత్తో పొడవడానికి. ఇవాళ అతను కునకడం లేదు.

ఆవిడ పోయి వారం కూడా కాలేదు. సమాధి దగ్గర ఆమే నిలబడి ప్రార్థన మొత్తం అతనికి చేతులతో చెప్పింది, ఒక్క మాట పొల్లుపోకుండా, ముఖం మీది చెమట కూడా తుడుచుకోకుండా. నువ్వు లేకపోతే ఆ బిడ్డ గతేంటమ్మా అని ఒక పెద్దావిడ ఆమె గడ్డం పట్టుకుని కళ్ళొత్తుకుంది. పాస్టరుగారైతే ఇందాక ప్రసంగం మొదట్లోనే, సేవ అంటే ఏమిటో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, ఇదిగో నా పక్కన నిలబడ్డ ఈ అమ్మాయిని చూడండి అనేశారు. దుబాసీ అన్నాక వచ్చిన ప్రతి మాటనూ చేతుల్లోకి మార్చాల్సిందే, అది తన పొగడ్తే అయినా సరే. మార్చింది. ఈ అమ్మాయి అన్నచోట వేలు బుగ్గకు ఆనించి తిప్పింది. పిండిచేతులాయన తల ఊపాడు, అవునవునని, మనస్ఫూర్తిగా. ఆ క్షణం నుంచీ ఆమెకు చెవులు భగభగమంటున్నాయి. సిగ్గుపడ్డ మనిషి ముఖం దాచుకోవచ్చు, తలొంచుకోవచ్చు, ఇంకా తప్పకపోతే చేతుల్లో ముఖం పెట్టుకోవచ్చు. ఆమె సిగ్గు చేతులకే వచ్చింది, ఆ చేతులు అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని నిలబడటమే ఆమె పని.

ఆవిడ పోయే ముందు సాయంత్రం కూడా ఇదే హాలు. బెంచీలు గోడవారకు జరిపి యువజనుల కూడిక పిల్లలకు క్రిస్మస్ పాట నేర్పుతోంది. నోటితో పాడేది కాదు, సైగలతో పాడేది, అందరికీ తెల్ల గ్లవుజులు. లైట్లన్నీ ఆర్పి ఒక్క నీలం లైటు వేస్తే మనుషులు మాయమై చేతులే కనపడతాయి, పోయినేడు అనుకున్నది ఈ ఏడు కుదిరింది, ఆలోచన అచ్చంగా ఆమెదే. పాస్టరమ్మగారు ఒకసారి తొంగి చూసి కళ్ళు తుడుచుకుని వెళ్ళారు. మౌనం బెంచీ తాతకు కూడా చూపించారు. ఆయన చివరిదాకా ఓపిగ్గా చూసి, చాలా బాగుంది, ఏమిటది, అనడిగాడు. రాగానికి సరిపోయేలా సాగదీసి, తిప్పి, వంచి, చూపుకు బాగుండాలని చేతులు చేతులు కలిపి, అందులో మాటన్నది మిగిలితే కదా. ఆమె నవ్వేసింది. ఆ గ్లవుజుల పిల్లల్లో ఒక్కరికీ ఆ తాతతో నాలుగు ముక్కలు మాట్లాడటం రాదు, అన్నం తిన్నావా అని అడగటం కూడా రాదు. వాళ్ళనని ఏం లాభం. నేర్పింది తను, తనకు తట్టలేదు.

అప్పుడే కుర్చీ మీది ఫోను వెలిగింది. వీడియో కాల్. ఎత్తేదాకా ఎదుటివాళ్ళు కనపడరు, మన ముఖమే మనకు కనపడుతుంది. పైన చిన్న గుండ్రంలో పిండిచేతులాయన ఫొటో, కిందంతా తన ముఖం, చెమట పట్టి, కళ్ళు మెరుస్తూ. బాగానే ఉన్నాననుకుంది. నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుంది. అతను పిలుస్తుంటే అతని పిలుపులో తన ముఖం చూసుకుని జుట్టు సర్దుకుంది, ఆ ఒక్క సంగతి ఇప్పుడు కూడా, ఇంతమంది ముందు, గుర్తొస్తోంది. ఏమీ తెలియక కాదు. ముందటి ఆదివారమే అతను చెప్పాడు, అమ్మకు ఊపిరి సరిగ్గా ఆడటం లేదని. అతను ఊరికే ఫోను చేసే మనిషి కాదు. ఆసుపత్రే అయ్యుంటుందని తెలుసు. రెండో చరణం ఇంకా కుదరలేదు, కుదిరాక చేద్దామనుకుంది. ఆసుపత్రికి వెళ్తే పిల్లలు మళ్ళీ దొరకరనుకుంది. ఎప్పుడూ నేనేనా, అనుకుంది. ఆ చివరిదే అసలుది, ముందు రెండూ దాని మీద కప్పిన దుప్పట్లు. ఫోను తిరగేసి బోర్లా పెట్టింది. అది కుర్చీ మీద కాసేపు గింజుకుని ఊరుకుంది. మళ్ళీ గింజుకుంది. "అక్కా, నీ ఫోను," అంది ఒక పిల్ల. "తర్వాత చూస్తాలే, నువ్వు ముందు చెయ్యి తిన్నగా ఎత్తు," అంది తను.

తర్వాత అని ఒకటుంటుందనే కదా మనుషుల ధైర్యం. మర్నాడు వాళ్ళింటి గడప దగ్గర అతనే చెప్పాడు, చేతులు బరువెక్కినట్టు నెమ్మదిగా కదుపుతూ. డాక్టరు ముఖానికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు, పెదవులు కనపడలేదు. రాసిమ్మంటే రాశాడు, ఆ రాత మందుల షాపువాడికి తప్ప అర్థమయ్యేది కాదు, పైగా ఇతను బడి సగంలో మానేసినవాడు. ఉండండి, మనిషి వస్తుంది అని సైగ చేసి ఫోను చేశాడు, మళ్ళీ చేశాడు. డాక్టరు కాసేపు ఆగి, తనకు తోచినట్టు చాలాసేపు మాట్లాడాడు. అతను తల ఊపాడు. ఆ తల ఊపడం ఆమె పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. అర్థమై ఊపరు, ఎదుటివాళ్ళకు విసుగు రాకూడదని ఊపుతారు. అమ్మ దుప్పటి సర్ది, పొద్దున్నే వస్తానని చెప్పి, పనికి వెళ్ళిపోయాడు, పండగ కేకుల రోజులు, బేకరీలో ఎవరికీ సెలవు లేదు. తెల్లారకముందే ఆవిడ పోయింది, పక్కన మనిషి లేకుండా. అంతా చెప్పి అతను చెవి దగ్గర ఫోను సైగ చేసి, వేలు ఆమె వైపు తిప్పి, కనుబొమలు ఎగరేశాడు. నిందగా కాదు, అడిగాడంతే. ఆమె చేతులు ఆమెను అడగకుండానే లేచాయి. బ్యాగులో ఉండిపోయింది, చూసుకోలేదు. ఇన్నేళ్ళుగా పరాయి మాటలు మోసి మోసి ఆ చేతులకు తడబాటంటే ఏమిటో తెలియదు, అబద్ధం కూడా నున్నగా జారిపోయింది. అతను నమ్మాడు. ఆమె ముఖం చూసి ఏమనుకున్నాడో, భుజం తట్టాడు. తల్లి పోయినవాడు ఆమెను ఓదార్చి లోపలికి వెళ్ళాడు.

పాస్టరుగారు గొంతు పెంచారు, చేతులు పెద్దవి చేయాలి. "మనమైతే ఏం చేస్తాం? ఒంట్లో బాలేదంటే ఫోను చేస్తాం, కష్టమంటే కబురు పంపుతాం, పని ఉందంటాం, రేపొస్తామంటాం. దేవుడు కబురు పంపి ఊరుకోలేదు. తానే దిగి వచ్చాడు. వచ్చి మన మధ్య కూర్చున్నాడు. క్రిస్మస్ అంటే అదీ." దేవుడు, కబురు, పంపి, ఊరుకోలేదు. తానే, వచ్చాడు. వచ్చాడు అన్న సైగకు వేలు దూరం నుంచి మెల్లగా తన గుండె దాకా రావాలి. ఆమె వేలు సగం దూరం వచ్చి ఆగింది. బెంచీలో ఒకరిద్దరు ఏమైందన్నట్టు చూశారు. ముక్కు చీదుకున్నట్టు నటించి మళ్ళీ మొదలుపెట్టి ఆ వేలిని గుండె దాకా తెచ్చింది. తను కబురు కూడా పంపలేదు. ఒక్క అరక్షణం ఫోను ఎత్తి, ఆ డాక్టరు ముందు పెట్టమని ఉంటే, ఆ నీలం లైటు కింద నిలబడే మాట్లాడి ఉండేది, ఆ పిల్లలు కూడా చూసేవాళ్ళు సైగ భాష ఎందుకో. వెళ్ళనక్కర్లేకుండా కూడా వెళ్ళినట్టే అయ్యేది. ఇది ఇప్పుడు తడుతోంది. ప్రతి పనికీ ఒక సులువైన దారి ఉంటుంది, అది అవసరం తీరిపోయాకే కనపడుతుంది కాబోలు.

తన అమ్మ ఉంటే ఏమనేదో. అమ్మకు కూడా వినపడేది కాదు. పుస్తకాలు కుట్టే చోట పనిచేసేది, వేళ్ళకు ఎప్పుడూ జిగురు. నాన్న తొందరగా పోవడంతో ఆ ఇంటికి చెవులూ నోరూ తనే, పాలవాడితో, ఇంటి యజమానితో, ఆసుపత్రిలో, బడిలో. బడిలో పంతులమ్మ ఒకసారి అమ్మను పిలిపించి, మీ అమ్మాయి నోరు తెరిస్తే అబద్ధమేనండీ, అని కోప్పడింది. తను ఎంతో వినయంగా అమ్మ వైపు తిరిగి, నేను బాగా చదువుతున్నానట, అని చెప్పింది. అమ్మ ముఖం చాటంతయింది. పంతులమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పంతులమ్మ బిత్తరపోయి, తల్లికి కూడా మతి లేనట్టుందని తర్వాత ఎవరితోనో అందట. ఈ కథ చెప్పి ఆమె ఎంతమందిని నవ్వించిందో, యువజనుల కూడికలో, ఆడవాళ్ళ కూడికలో, ప్రతిసారీ చప్పట్లే. ఆఖరి ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎలా తెలిసిందో అమ్మకు తెలిసిపోయింది. కొట్టలేదు. కుట్టు సూది పక్కన పెట్టి, ఇలా రా అని పిలిచి, తన రెండు చెవులూ పట్టుకుని తీసి కూతురి చేతిలో పెట్టినట్టు సైగ చేసింది. వీటిని నీ దగ్గర దాచుకున్నానే, నువ్వే పాడు చేస్తే నేనెక్కడికి పోను, అంది. అంతే అంది. ఈ పొద్దున చీర కట్టుకుంటుంటే మొగుడు గది గుమ్మంలో నిలబడి, ఇవాళ చర్చిలో దేవుడి తర్వాత నువ్వే కదే, అని ఆటపట్టించబోయాడు. ఊరుకుంటారా, అని కసిరింది. పాపం ఆయన మాట అక్కడే మింగేశాడు. ఆయనకూ చెప్పలేదు. చెప్తే, పోన్లే, కావాలని చేశావా ఏమిటి, అంటాడు. ఆ మాట వినకూడదనే చెప్పలేదు, కావాలనే చేసింది మరి.

"ఇప్పుడు సాక్ష్యాలు. రెండు మాటల్లో ముగించాలి, వంటలు చల్లారిపోతాయి," అన్నారు పాస్టరుగారు. అందరూ నవ్వారు. "ముందుగా, తల్లిని పోగొట్టుకున్న మన సహోదరుడు. తనంతట తనే వచ్చి అడిగాడు, నేను చెప్తానని. చేతులతో చెప్తాడు, మన అమ్మాయి నోటితో చెప్తుంది." అతను ఇన్నేళ్ళలో ఎన్నడూ సాక్ష్యం చెప్పలేదు. తెలిసిపోయిందన్నమాట. గ్లవుజుల పిల్లల్లో ఎవరో చెప్పి ఉంటారు, అక్క ఫోను చూసింది, చూసి బోర్లించింది అని, ఎవరి నోటో పడి, ఎవరి చేతిలోనో పడి చేరి ఉంటుంది. లోకంలో ఏ దుబాసీకీ రాకూడని గండం ఇది. చెప్పేది అతనైనా నేను అని పలకాల్సింది తను, పని పద్ధతి అది, నేను పోయాను అంటే అతను పోయాడని, నేను ఏడ్చాను అంటే అతను ఏడ్చాడని. ఇప్పుడు అందరిముందు నేను పిలిచాను, ఆమె రాలేదు అని తన నోటితో తనమీదే ఫిర్యాదు చేయాలి. చేయకపోతే? ఆ ఆలోచన రానే వచ్చింది, పిలిచినట్టే వచ్చి పక్కన నిలబడింది. చేయకపోతే ఎవరికి తెలుస్తుంది? చూసేవాళ్ళకు ఆమె గొంతు వినపడదు. వినేవాళ్ళకు అతని చేతులు అర్థం కావు. అతను ఏమన్నా, ప్రభువుకు స్తోత్రం, మీ అందరి ప్రార్థనలకు వందనాలు, అని చెప్పేసి మైకు కట్టేయొచ్చు. చిన్నప్పుడు పంతులమ్మ ముందు చేసిందే కదా.

అతను మెట్టెక్కి వచ్చి జనం వైపు కాక కాస్త ఆమె వైపు తిరిగి నిలబడ్డాడు, ఆమెకు సరిగ్గా కనపడాలని. ఆ పాటి మర్యాద కూడా ఆమె తట్టుకోలేకపోయింది. అతని చేతులు లేచాయి. ఆమె మైకు దగ్గరకు లాక్కుంది.

"మా అమ్మ పోయింది. మీ అందరికీ తెలుసు," అంది అతని బదులు. "నాకు మాటలు నేర్పింది మా అమ్మ. బడి నేర్పలేదు. రొట్టె చూపించి రొట్టె, నీళ్ళు చూపించి నీళ్ళు. అమ్మకు ఆసుపత్రిలో బాలేనప్పుడు నేను ఫోను చేశాను."

అతని వేలు బుగ్గకు ఆని తిరిగింది. మౌనం బెంచీ తలలన్నీ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. మిగతా చర్చి అంతా ఏమీ తెలియక ఆ వేలికేసి చూస్తోంది, చెంప మీద దోమేదో వాలిందేమో అన్నట్టు. ఒకరికి అనొచ్చు. ఒకరికి ఫోను చేశాను, అంటే అబద్ధం కూడా కాదు. అమ్మ తన దగ్గర దాచుకున్న చెవులు.

"మన దుబాసీకి ఫోను చేశాను. ఆమె ఎత్తలేదు."

వెనక వరసల్లో ఎవరో దగ్గారు. పాస్టరుగారు చేతిలో పుస్తకం మూసి ఆమె ముఖం చూశారు. అయిపోయింది, చెప్పేశాను, ఇంక రానీ, ఎంత వస్తే అంత రానీ అనుకుంది, అనుకోగానే లోపల ఏదో తేలికపడ్డట్టు కూడా అయింది. కానీ అతని చేతులు ఆమె అనుకున్న దారిన పోలేదు. ఆ చేతులు చెప్తుంటే ఆమె నోరు ఒక మాట వెనకగా పోతోంది, ఆ ఒక మాట ఎడంలోనే మొత్తం అర్థమైంది.

"ఆమె ఫోను చూసుకోలేదు. బ్యాగులో ఉండిపోయింది. చూసి ఉంటే వచ్చేది. నాకు తెలుసు. అప్పటినుంచీ ఆమె నా ముఖం చూడటం లేదు. నా దగ్గరికి వస్తుంది, తల దించుకుని వెళ్ళిపోతుంది. తన వల్లే అనుకుంటోంది. అందుకే సాక్ష్యం చెప్తానని నేనే అడిగాను. ఆమె తప్పేం లేదు. అది మీ అందరి ముందూ చెప్పాలని. మా అమ్మ ఉంటే తను కూడా ఇదే చెప్పమనేది. పండగ పూట ఆమె బాధపడకూడదు."

ఒక్క అక్షరం మార్చలేదు. గొంతు వణికితే అతని గొంతు వణికిందనుకున్నారు. చర్చి అంతా ఆమేన్ అంది, ఆడవాళ్ళ వైపు ముక్కులు చీదుతున్న చప్పుడు, ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ అందుకున్నారు, పాస్టరుగారు అతని భుజం మీద ఒక చేయి, ఆమె తల మీద ఒక చేయి వేశారు. నిందపడితే భరించడానికి సిద్ధపడి నిలబడిన మనిషి ఆమె. ఇది ఎలా భరించడం? ఇన్ని రోజులుగా ఆమె తన సిగ్గుతో తను చస్తుంటే, తల్లిని పాతిపెట్టి వచ్చిన మనిషి దాన్ని చూసి, తన దుఃఖం పక్కన పెట్టి, జనం ముందుకు రావడమంటే చచ్చేంత భయం ఉన్నవాడు మెట్టెక్కి వచ్చి, ఆమె కోసం నిలబడ్డాడు. సేవ అంటే ఏమిటో చూడండి అని పాస్టరుగారు చూపించిన వేలు తప్పు మనిషి మీద పడింది. అతను చెప్పిన మాట చెప్పినట్టు చెప్పింది, పని వరకు ఏ లోటూ లేదు. కానీ ఆ మాట ఆమె అతని చేతిలో పెట్టిన అబద్ధమే, అదే అతని చేతుల్లోంచి తిరిగి ఆమె నోట్లోకి వచ్చి ఇంత చర్చికీ చేరింది.

పాస్టరుగారి చేయి తల మీద ఉండగానే ఆమె మైకు వదిలేసి రెండు చేతులూ ఎత్తింది. రెండు వేళ్ళు కళ్ళ దగ్గర నుంచి ముందుకు. చూశాను.

అతను నవ్వబోతూ ఆగాడు. ఏమిటన్నట్టు కనుబొమలు ముడిచాడు. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా, తన గుండె మీద వేలు పెట్టుకుని మొదలుపెట్టి. నేను చూశాను. నువ్వు పిలిచావు, చూశాను. ఫోను ఇలా బోర్లించాను. అరచేయి తిరగేసి చూపించింది. మళ్ళీ పిలిచావు. అదీ తెలుసు. తెలిసే రాలేదు.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ చర్చిలో ఏం జరుగుతోందో ఒక్క బెంచీకే తెలుసు, మిగతా బెంచీలన్నీ తెలియక తెల్లముఖాలు వేసుకుని చూస్తున్నాయి. "ఏమంటున్నాడమ్మా? మాకూ చెప్పు," అన్నారు పాస్టరుగారు చిన్నగా.

"ఆయన ఏమీ అనలేదయ్యా. నేనే అంటున్నాను," అంది మైకులో. ఇందాకటి నుంచీ ఆ మైకులో నేను అంటే అతనే కాబట్టి జనానికి తికమక అయింది. "ఇది ఆయన మాట కాదు, నా మాట. ఆ రోజు ఫోను నేను చూశాను. చూసి, పక్కన పెట్టాను. చూసుకోలేదని ఆయనకు అబద్ధం చెప్పాను. ఆయన ఇందాక చెప్పింది నా అబద్ధమే."

అతని ముఖంలోకి చూసింది, తప్పించుకోకుండా. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు, వస్తే బాగుండేది. అతను ఆమె ముఖాన్ని చూడటం మానేసి చేతుల్ని చూస్తున్నాడు, వాటిని మొదటిసారి చూస్తున్నట్టు. అతని చేతులు రెండూ పక్కలకు వేలాడిపోయాయి. మళ్ళీ లేచాయి. ఆమె అలవాటు కొద్దీ మైకు దగ్గరికి వంగింది.

"డాక్టరు నాతో చాలాసేపు మాట్లాడాడు. నేను తల ఊపాను," అంది అతని బదులు. "ఏం చెప్పాడో నాకింకా తెలీదు. మా అమ్మకు ఏమైందో తెలీదు. పోయేముందు ఏమైనా అడిగిందేమో, నన్ను పిలిచిందేమో, అదీ తెలీదు. ఎవరూ చెప్పలేదు."

ఎవరూ చెప్పలేదు. సమాధి దగ్గర అంతసేపు నిలబడింది, ఆ తర్వాత వాళ్ళింటికి వెళ్ళింది, ప్రార్థనలన్నీ పొల్లుపోకుండా చెప్పింది, దేవుడి చిత్తం అని కూడా చేతులతో చెప్పింది, ఇది మాత్రం అడిగి తెలుసుకోవాలని ఆమెకు తట్టలేదు. ఈ హాల్లో ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. అతను మెట్టు దిగాడు. బెంచీ వైపు వెళ్ళలేదు. గోడవారగా నడిచి పక్క తలుపు తీసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర తెల్ల గ్లవుజులు తొడుక్కుని తమ వంతు కోసం నిలబడ్డ పిల్లలు అతనికి దారి ఇచ్చారు. ఆమె పాస్టరుగారి వైపు చూడలేదు, చూస్తే ఆయన తొందరపడి క్షమించేస్తారని భయం వేసింది. మౌనం బెంచీకేసి చూసింది, తను పోతే ఇంక వాళ్ళకు ఈ ఆరాధనలో మాట లేదు. తాత మోకాలి మీద నుంచి చేయి ఎత్తి, వెళ్ళు, అన్నాడు. "అక్కా, పాట," అంది గుమ్మం దగ్గర పిల్ల. ఆమె ఆ పిల్లను దాటుకుని బయట పడింది.

అతను అప్పటికే వీధి మలుపు దాకా వెళ్ళాడు, ఆసుపత్రి వైపు. వెనక్కి తిరగడం లేదు. కేక వేయబోయి నోరు మూసుకుంది. అతని వెనకాల ఎంత దూరం నడిచినా, ఎంత చప్పుడు చేసుకుంటూ నడిచినా, ఆమె వస్తున్నట్టు అతనికి తెలీదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగెత్తింది, పండగ బట్టల్లో వీధినపోయేవాళ్ళు ఆగి చూశారు. అతన్ని అందుకుని, పక్కకు వచ్చి, ఇంకో అడుగు ముందుకు వేసి, అతని కంటికి ఆనే చోట నడవడం మొదలుపెట్టింది. అతను చూశాడు. ఆగలేదు, రమ్మనలేదు, పొమ్మని కూడా అనలేదు.